మేస్త్రీ గారూ, మా బొమ్మ వానాకాలంలో ఎందుకు పట్టేస్తోంది?

పిడి తిప్పితే ఆడే చెక్క మరబొమ్మల గురించి పాఠకులు రాసిన ఉత్తరాలకు పర్లాకిమిడి వడ్రంగి మేస్త్రి జవాబులు

మేస్త్రీ గారూ, నమస్కారం. వేసవిలో పనస చెక్కతో కోడిపుంజు మరబొమ్మ చేశాను. పిడి తిప్పితే మెడ వంచి గింజలు పొడిచేది. మే నెలంతా హాయిగా తిరిగింది. జులైలో పిడి కదలడం మానేసింది. బలవంతంగా తిప్పితే ఇరుసు కిర్రుమంటోంది. కన్నాలు కాస్త పెద్దవి చేసెయ్యమంటారా?
— ఒక యువ వడ్రంగి, గుణుపురం

వద్దు తమ్ముడూ, కన్నాలు వేసే బర్మా పక్కన పెట్టు. కన్నం పెద్దది చేస్తే ఈ నెల తిరుగుతుంది. సంక్రాంతి నాటికి కర్ర ఆరిపోయి ఇరుసు గడగడలాడుతుంది. కోడి ముక్కు గింజ మీద పడకుండా పక్కన పడుతుంది. అప్పుడు కన్నంలో గుడ్డపీలిక దూర్చాల్సి వస్తుంది. ఇవన్నీ నేను చేసి చూసినవే.

ముందు ఎందుకు పట్టేసిందో తెలుసుకో. కర్ర తేమ పీల్చినప్పుడు నార పోయిన దిక్కున పొడుగు పెరగదు, పెరిగినా లెక్కలోకి రాదు. అడ్డంగా ఉబ్బుతుంది. అడ్డంలో కూడా రెండు రకాలున్నాయి. మాను కోసినప్పుడు కనబడే వలయాల వెంట ఎక్కువ ఉబ్బుతుంది. గుండె నుంచి బెరడు వైపు అందులో దాదాపు సగమే. నీ ఇరుసుకి నార పొడుగునా ఉంది కాబట్టి అది చుట్టూరా లావెక్కింది. పక్క పలకలో కన్నం కూడా అడ్డంగా కాస్త సాగింది, కానీ నార దిక్కున సాగలేదు. ఆ దిక్కునే ఇరుసుని నొక్కి పట్టింది. నమ్మకం లేకపోతే ఇరుసు ఊడదీసి, పలకని వెలుతురులో తిప్పి కన్నం లోపల చూడు. ఒరుసుకున్న చోట ఎదురెదురుగా రెండు మెరుపు మచ్చలు కనిపిస్తాయి. ఆ మచ్చలున్న దిక్కు, పలక నార దిక్కు ఒకటే.

పదిహేనేళ్ల కిందట ఒక ఆగస్టులో భువనేశ్వర్లో జరిగిన ప్రదర్శనకి ఆరు బొమ్మలు పట్టుకెళ్లాను. ముందురోజు రాత్రంతా వాన. పొద్దున్న బల్ల మీద పెడితే ఆరింటిలో నాలుగు కదల్లేదు. ఒక పెద్దాయన మనవడిని ఎత్తుకుని వచ్చి పిడి తిప్పబోయి, "ఇది పాడైంది నాన్నా, పద" అని తీసుకుపోయారు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. ఇంటికి వచ్చాక మూడు నెలలు కొత్త బొమ్మ ముట్టుకోలేదు. ఇరుసుల సంగతే చూశాను.

మా ఊరు కొమ్ము పనికి పేరున్న ఊరు కదా, కొమ్ము ఎంతో నున్నన అని మొదట కొమ్ము ముక్కలు కన్నాల్లో బిగించాను. కొమ్ము కూడా తేమకి ఉబ్బుతుంది. అది కుదరలేదు. తరవాత దొరికింది పాత రేడియో ఏరియల్. ఒకదానిలో ఒకటి దూరే గొట్టాలు ఉంటాయి చూడు, అవి పైన మెరుగు పూసిన ఇత్తడివి. ఒక్క ఏరియల్లో నాలుగైదు సైజులు దొరుకుతాయి. సన్న రంపంతో పలక మందమంత ముక్క కోసి, అంచులు ఆకురాయితో రుద్ది, కన్నంలో జిగురుతో దిగ్గొట్టు. ఇరుసుకి సైకిలు చువ్వ వాడు, సుమారు 2 మి.మీ. ఉంటుంది. చెక్క ఇరుసే కావాలంటే పలకకి తగిలే రెండు చివర్లలో మాత్రం చువ్వ ముక్క గుచ్చు. మధ్యలో కర్ర ఎంత ఉబ్బినా ఇత్తడిలో ఇనుము తిరుగుతుంది.

చక్రాల మాట కూడా చెప్పాలి. ఒకే పలకలో కోసిన 60 మి.మీ. చక్రం వానాకాలంలో గుండ్రంగా ఉండదు, అడ్డంగా అరమిల్లీమీటరు దాకా పెరిగి కోలగా అవుతుంది. రెండు పల్చని ముక్కలు తీసుకుని, ఒకదాని నారకి రెండోదాని నార అడ్డంగా పెట్టి అతికి, ఆ తరవాత చక్రం కొయ్యి. ఒకదాన్ని ఒకటి పట్టి ఉంచుతాయి.

నీ పనస చెక్క ఎంతకాలం ఆరిందో రాయలేదు. అంగుళం మందానికి ఏడాది నీడలో ఆరాలన్నది మా నాన్న లెక్క. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా గజపతి జిల్లాలో పడని పనస చెట్టు తక్కువ. అప్పుడు తెచ్చుకున్న దుంగలు పలకలు కోయించి, మధ్యమధ్య పుల్లలు పెట్టి పేర్చి, మూడేళ్ల తరవాత ముట్టుకున్నాను. ఆ చెక్కతో చేసినవి ఏ వానకీ మొరాయించలేదు.

మేస్త్రీ గారూ, నేను బడిలో టీచరుని. కవ్వంతో మజ్జిగ చిలికే అమ్మాయి బొమ్మ చేశాను. చక్కగా తిరుగుతోంది, ఎక్కడా పట్టడం లేదు. అయినా చూసినవాళ్లు "బాగుంది" అని ఒకసారి తిప్పి వెళ్లిపోతున్నారు. రెండోసారి ఎవరూ పిడి పట్టుకోవడం లేదు. లోపం ఎక్కడుందో నాకు కనబడటం లేదు.
— ఒక పాఠకురాలు, బరంపురం

అమ్మా, రెండోసారి పిడి పట్టుకోవడం లేదన్న సంగతి గమనించారు చూడండి, అదే ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన గమనింపు. మీకు కాస్త వివరంగా చెబుతాను.

నేను పద్నాలుగేళ్లుగా ఒకే బొమ్మ చేస్తున్నాను. మధ్యలో వేరేవీ చేశాను గానీ దాని దగ్గరికే తిరిగి వస్తాను. ఇద్దరు ఆడవాళ్లు ఒకే రోట్లో జంటపోటు వేసే బొమ్మ. ఇప్పటికి పదకొండుసార్లు చేశాను. మొదటిదాంట్లో ఇరుసు మీద రెండు గుండ్రటి చక్రాలు మధ్యకి కాకుండా పక్కకి గుచ్చాను. పిడి తిప్పితే ఒక రోకలి లేచేది, ఒకటి దిగేది. లేవడం ఎంతసేపో దిగడం అంతసేపు. మా అమ్మకి చూపించాను. అమ్మ కాసేపు చూసి, "వీళ్లు దంచడం లేదురా, రోకళ్లు కిందా మీదా పెడుతున్నారు" అంది.

ఆ మాట అర్థం కావడానికి మా మేనత్త ఊరు వెళ్లాను. అటుకులు దంచుతుంటే అరుగు మీద కూర్చుని చూశాను. రోకలి పైకి నిదానంగా వెళ్తుంది. పైన ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణంలోనే చెయ్యి మారుతుంది, ఊపిరి అందుతుంది. తరవాత కిందికి వదిలేస్తారు, నొక్కరు, దాని బరువుకి అదే పడుతుంది. పడ్డాక రోట్లో రవ్వంత సేపు నిలుస్తుంది. నా బొమ్మలో ఆ ఆగడం లేదు, ఆ పడడం లేదు.

అందుకని గుండ్రటి చక్రం మానేసి క్యామ్ కోశాను, అంటే గొట్టంలో కదులుతూ రోకలిని మోసే తోపుడు కడ్డీని పైకి నెట్టి వదిలే వంకర అంచు చక్రం. మా వసారాలో దాన్ని నత్తచక్రం అంటాం, నత్తగుల్ల ఆకారం కాబట్టి. కొలతలు రాస్తున్నాను, అట్ట మీద గీసుకోండి. ఇరుసు చుట్టూ వృత్తాన్ని గడియారంలా 12 భాగాలు చెయ్యండి, ఒక్కోటి 30 డిగ్రీలు. అన్నిటికంటే చిన్న వ్యాసార్థం 15 మి.మీ. మొదటి రెండు భాగాలు అంతే ఉంచండి, రోకలి రోట్లో నిలిచే సమయం అది. తరవాతి ఆరు భాగాల్లో రోకలి మొత్తం 24 మి.మీ. లేవాలి. భాగానికి నాలుగేసి చొప్పున సమానంగా పంచకండి. 2, 4, 6, 6, 4, 2 అని పంచండి. మొదలు మెల్లగా, మధ్యలో వడిగా, చివర మళ్లీ మెల్లగా. అప్పుడు చూసేవాళ్లకి రోకలి బరువు తెలుస్తుంది. తరవాత మూడు భాగాలు 39 మి.మీ. దగ్గరే నిలపండి. ఆఖరి భాగంలో నిట్టనిలువుగా 15కి కోసెయ్యండి, రోకలి దానంతటదే పడుతుంది. చిన్న బొమ్మ కదా అని 15ని 8 చెయ్యకండి. చక్రం అంచు మరీ ఏటవాలై కడ్డీని పైకి నెట్టకుండా పక్కకి తోస్తుంది, గొట్టంలో బిగుసుకుంటుంది.

నాలుగో బొమ్మకి ఇది కుదిరింది. ఊళ్లో ఒకాయన కొనుక్కున్నారు. వారంలో తిరిగి వచ్చింది. వాళ్లబ్బాయి పిడి వెనక్కి తిప్పాడు, నిట్టనిలువు అంచుకి తోపుడు కడ్డీ తగిలి విరిగింది. పిల్లవాడు పిడి ఎటైనా తిప్పుతాడు, అది వాడి తప్పు కాదు. అయిదోదాని నుంచి ఇరుసు చివర పళ్ల చక్రం, దాని మీద వెదురు నాలుక పెడుతున్నాను. వెనక్కి తిరగదు. ముందుకి తిప్పితే టిక్కుటిక్కుమంటుంది. ఆ చప్పుడు రోటి దగ్గర గాజుల చప్పుడులా ఉందని మా మనవరాలు అంది. అందుకని ఇప్పుడు ఆ నాలుకని అదే చప్పుడు వచ్చేలా చెక్కుతున్నాను.

ఏడో బొమ్మలో రోకలి లేచినప్పుడు తల కూడా కాస్త లేచేలా మెడలో చిన్న మీట పెట్టాను. మొదట ఎక్కువ కదిలింది, అతి అనిపించింది. 3 మి.మీ.కి తగ్గించాక అందరూ ముఖం వైపే చూడటం మొదలుపెట్టారు. తొమ్మిదో బొమ్మ దగ్గర ఇంకో సంగతి తెలిసింది. రెండు చక్రాలూ సరిగ్గా ఎదురెదురుగా, 180 డిగ్రీలు పెడుతూ వచ్చాను. అటుకులు దంచేటప్పుడు మా అత్తది ఒక్క రవ్వ ఆలస్యంగా పడేది, ఆవిడ పెద్దది కదా. రెండో చక్రాన్ని 165 డిగ్రీలకి జరిపాను. దుం... దుం అని సమానంగా పడే చప్పుడు దుం, దుం... దుం, దుం... అయింది. ఇద్దరు మనుషులు వచ్చారు. ఇలా జరుపుకోవడానికి వీలుండాలంటే చక్రాన్ని ఇరుసుకి ముందే అతికించకూడదు. బిగువుగా దూర్చి, నెల రోజులు ఆడించి చూసి, అప్పుడు అడ్డంగా వెదురు మేకు కొట్టాలి.

ఇక మీ మజ్జిగ బొమ్మ. తాడు ముందుకి లాగడానికీ వెనక్కి లాగడానికీ ఒకే సమయం పడుతోందని నా అనుమానం. చిలికేటప్పుడు ఒక చెయ్యి నిదానంగా పొడుగ్గా లాగుతుంది, రెండోది చటుక్కున తీసుకుంటుంది. దీనికి క్యామ్ అక్కర్లేదు. చీలిక ఉన్న మీట పెట్టి, క్రాంకు (పిడితో పాటు గుండ్రంగా తిరిగే పొట్టి చెయ్యి) చివరి మొలని ఆ చీలికలో ఆడించండి. క్రాంకు 10 మి.మీ. పొడుగు, దాని కేంద్రానికీ మీట ఇరుసుకీ మధ్య 20 మి.మీ. దూరం ఉంటే, ఒక వైపు వెళ్లడానికి పట్టే సమయం తిరిగి రావడానికి పట్టేదానికి రెట్టింపు అవుతుంది. ఆ దూరం పెంచితే తేడా తగ్గుతుంది. అట్టతో చేసి ఒక సాయంత్రం తిప్పుతూ కూర్చోండి, మీకే తెలుస్తుంది. చేశాక తప్పకుండా రాయండి, నాకు చూడాలని ఉంది.

రిటైరయ్యాక ఈ పని నేర్చుకుంటున్నాను. మూడు బొమ్మలు చేశాను, మూడూ వేరువేరు. చేసినదే మళ్లీ చెయ్యాలంటే విసుగ్గా ఉంటుంది. కొత్తవి చేసుకుంటూ పోతే పని మెరుగుపడదా?
— రాయగడ నుంచి ఒక పాఠకుడు

మెరుగుపడుతుంది గానీ నిదానంగా పడుతుందండీ. కొత్త బొమ్మలో పది సమస్యలు ఒకేసారి ఉంటాయి, ఏది దేనివల్ల వచ్చిందో తెలియదు. పాత బొమ్మే మళ్లీ చేస్తే తొమ్మిది తెలిసినవి, ఒకటి కొత్తది. ఆ ఒక్కటీ బాగా కనబడుతుంది. విసుగు రాకుండా ఉండాలంటే ఒక్కోసారి ఒక్కటే మార్చండి. ఏం మార్చారో రాసుకోండి. నా దగ్గర నాలుగు నోటుపుస్తకాలున్నాయి. ప్రతి బొమ్మకీ చెక్క ఏది, ఎప్పుడు కోసింది, ఇరుసు మందం, క్యామ్ అట్ట (అదే పేజీకి కుట్టేస్తాను), చూసినవాళ్లు ఎక్కడ నవ్వారు, ఎక్కడ చూపు తిప్పేశారు, అన్నీ రాస్తాను. తప్పిన అట్టలు కూడా పారెయ్యను.

రాసుకోవడం గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. భోజరాజు పేరు మీద ఉన్న సమరాంగణ సూత్రధారంలో యంత్రాలకే ఒక అధ్యాయం ఉంది. 11వ శతాబ్దం నాటిది. చెక్క పక్షులు, తలుపు దగ్గర కాపలా కాసే కొయ్యమనిషి, ఎన్నో చెప్పారు. కానీ ఎలా చెయ్యాలో పూర్తిగా చెప్పలేదు. తెలియక కాదు, రహస్యం కాపాడటానికే చెప్పలేదని ఆ గ్రంథమే అంటుంది. జపానులో హొసోకవ హన్జో అనే ఆయన 1796లో మరబొమ్మల లోపలి భాగాలన్నీ బొమ్మలు గీసి, కొలతలతో సహా అచ్చు వేయించాడు. అందులో టీ అందించే బొమ్మ ఉంది. చేతిలో కప్పు పెడితే నడుస్తుంది, కప్పు తీస్తే ఆగుతుంది, తిరిగి పెడితే వెనక్కి మళ్లి వెళ్తుంది. ఆ రోజుల్లో దాని స్ప్రింగుకి తిమింగిలం నోట్లోని పలకలు వాడేవారు. ఆయన రాసిపెట్టాడు కాబట్టి ఈ కాలం వాళ్లు ఆ బొమ్మని మళ్లీ చేసి నడిపించగలిగారు. మన పక్షులు శ్లోకాల్లోనే ఉండిపోయాయి. మా తాత రథం పనిలో ఏవో కీలకాలు చేసేవాడట. కాగితం మీద పెట్టలేదు, ఆయనతోనే పోయాయి. అందుకే నా దగ్గరికి ఎవరొచ్చి అడిగినా నోటుపుస్తకం తెరిచి ముందు పెడతాను.

మీ మూడింటిలో మీకు ఏది ఎక్కువ ఇష్టమో దాన్ని ఈ ఏడాది ఇంకో రెండుసార్లు చెయ్యండి.

ఇరుసులకి కొబ్బరినూనె రాయొచ్చా?
— కొరాపుట్

వద్దండీ. నూనె చెక్కలోకి ఇంకుతుంది, దుమ్ము పట్టి జిగటవుతుంది. చెక్క చెక్కకి రాసుకునే చోట కొవ్వొత్తి రుద్దండి. తేనెమైనం దొరికితే ఇంకా మంచిది. క్యామ్ అంచుకి మెత్తటి పెన్సిలు రుద్ది గుడ్డతో తుడిస్తే అద్దంలా జారుతుంది. ఆ అంచుకి రంగు మాత్రం వెయ్యకండి.

తాతగారూ, నేను ఏడో తరగతి చదువుతున్నాను. మరబొమ్మకి మోటారు పెట్టొచ్చా? మొదట ఏ బొమ్మ చెయ్యాలి?
— కాశీనగర్

పెట్టొచ్చు బాబూ. నిమిషానికి 30 చుట్లు తిరిగే గేరు మోటారు తీసుకో, అంతకంటే వడిగా తిరిగేది వద్దు. కానీ మొదటి బొమ్మకి మాత్రం పిడే పెట్టు. ఎక్కడైనా పట్టేస్తే నీ వేళ్లకి వెంటనే తెలుస్తుంది, అక్కడ ఆగి వెతుక్కుంటావు. మోటారుకి ఆ సంగతి తెలియదు, విరిచేదాకా తిప్పుతుంది. శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాను దగ్గర ఒక పెద్ద కొయ్యపులి ఉండేది, ఇప్పుడు లండనులో ఒక మ్యూజియంలో ఉంది. దాన్ని కూడా పిడి తిప్పే ఆడించేవాళ్లు. పులి గుర్రుమనేది, కింద పడ్డ మనిషి చెయ్యి లేచేది.

నీ వయసులో నేను నౌపడ నుంచి గుణుపురం పోయే చిన్న రైలు కోసం స్టేషన్లో నిలబడేవాణ్ణి. రైలు ఎక్కడానికి కాదు. ఇంజను చక్రాల పక్కన కడ్డీ ముందుకీ వెనక్కీ పోతుంటే చక్రం గుండ్రంగా ఎలా తిరుగుతోందో చూడటానికి. ఇంటికొచ్చి పుల్లలతో, అట్టతో అదే చేసేవాణ్ణి. నువ్వు ముందు ఢింకి చెయ్యి. మీ ఊళ్లో ఒడియావాళ్ల ఇళ్లలో ఉంటుంది, లేకపోతే పెద్దవాళ్లని అడుగు. కాలితో తొక్కి ధాన్యం దంచేది. ఒక పొడుగు మీట, మధ్యలో ఒక ఇరుసు, తొక్కే చివర ఒక నత్తచక్రం. చక్రంలో ఎత్తుగా ఉన్న భాగం ఆ చివరని పైకి నెట్టకూడదు, కిందికి నొక్కాలి. కాబట్టి చక్రం మీట కింద కాకుండా మీద ఉండాలి. ఎందుకో అట్ట బొమ్మ చేసి నువ్వే చూడు. రోకలి వైపు కాస్త బరువు అతికించు, లేకపోతే పడదు. అయ్యాక నాకు ఉత్తరం రాయి, ఎక్కడ ఆగిపోయావో అది కూడా రాయి.

రెండు రోకళ్ల బొమ్మ లాంటిదానికి ధర ఎంత చెప్పాలి?
— జయపురం

నాకు అది పదకొండు రోజుల పని. మా ఊళ్లో ఇంటిపనికి వచ్చే వడ్రంగి రోజుకూలి ఎంతో అంత లెక్కన పదకొండు రోజులు, దాని మీద చెక్క, ఇత్తడి ఖర్చు. అంతకంటే తక్కువకి అడిగితే ఇవ్వను. బేరం కుదరక నిరాశగా నిలబడే పిల్లలుంటే వాళ్ల చేత ఎంతసేపైనా తిప్పిస్తాను.

ఒక సవరణ: గత సంచికలో చిలక బొమ్మ రెక్కల గురించి చెబుతూ తోపుడు కడ్డీ కదిలే గొట్టం పొడుగు 4 మి.మీ. అని పడింది. 40 మి.మీ. ఉండాలి. పొట్టి గొట్టంలో కడ్డీ ఒరిగి పట్టేస్తుంది. ఆ కొలత చూసి ఇప్పటికే కోసినవాళ్లు పలకకి వెనక పక్క ఇంకో 36 మి.మీ. దిమ్మ అతికించి, అందులోంచి కన్నం కొనసాగిస్తే చాలు. బొమ్మ పారెయ్యక్కర్లేదు.